ఏడాదికింత పెరిగిన సాక్ష్యం

ఇశ్రాయేలు నలభై రెండేండ్ల యవ్వనస్తుడు. నవ్వకుండ్రి. ఛత్రినాక దిక్కు ఒక బస్తీల ఉన్న చిన్న చర్చిల ఆయన పదమూడేండ్ల సంది యూత్ లీడరు. ఆయన చేతి కింద పాటలు నేర్చుకున్న పోరగాండ్లు పెండ్లిండ్లు చేసుకున్నరు, పిల్లల్ని కన్నరు, బట్టతలలు తెచ్చుకున్నరు, పెద్దల కమిటీల కుర్చీలెక్కి కూసున్నరు. ఆయన మాత్రం యూత్‌లనే ఉండిపోయిండు. ప్రతి ఏడు కొత్త లీడరును ఎన్నుకోవాలె అని మీటింగు పెడుతరు, ప్రతి ఏడు అందరు ఆయన మొకమే చూస్తరు. ఎందుకంటే ఆ పని ఇంకెవ్వరికి వద్దు.

పని తక్కువ పనా? పొద్దుగాల ఆరింటికి ఆర్టీసీ డిపోల టైర్ల సెక్షన్‌ల డ్యూటీ. బస్సు టైరు విప్పుడు, ట్యూబు గుంజుడు, ప్యాచ్ వేసుడు, మళ్ళ ఎక్కించుడు. నాలుగింటికి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటడు గని ఆ నలుపు గోర్లల్ల నుంచి పోదు. ఆ చేతులతోనే ఆదివారం ఆరాధన అయినంక సర్కారు దవాఖానకు డబల్ రొట్టెలు, అరటిపండ్లు పట్టుకొని పోతడు. వానలొస్తే యూత్‌ను ఎంటేసుకొని బస్తీల మురికి మోరీలు తీస్తడు. బోనాలప్పుడు చర్చి ముందట కుండలు పెట్టి, బోనాలు ఎత్తుకొచ్చే ఆడోళ్ళకు నీళ్ళు పోపిస్తడు. దాని మీద ఒకసారి లొల్లి అయింది. కమిటీల ఒక పెద్దాయన లేచి, "మనం విగ్రహాలకు నీళ్ళు పోసుడేంది?" అన్నడు. ఇశ్రాయేలు సోంచాయించి, "విగ్రహాలకు కాదయ్యా, మోసేటోళ్ళకు" అన్నడు. పెద్దాయన కూసున్నడు. మళ్ళ ఏడు గూడ లేచి గదే మాట అడిగిండు.

ఇగ శనివారం సాయంత్రం అయిదింటికి కల్లు కాంపౌండు ముందట పాటలు. ఎనిమిది మంది పోరగాండ్లు, ఒక డోలక్, రెండు కంజీరలు. లోపల తాగేటోళ్ళు తాగుతుంటరు, బయట వీళ్ళు పాడుతుంటరు. కాంపౌండు నడిపే ఎల్లయ్య మంచోడు. మొదటి ఏడు ఊకే చూసిండు, రెండో ఏడు కూసునేతందుకు బెంచి ఏపిచ్చిండు, మూడో ఏడు ఇశ్రాయేలును పక్కకు పిలిచి, "అన్నా, మీ పాట వింటే మావోళ్ళకు దూప ఎక్కువై ఇంకో సీస అడుగుతున్నరు. వచ్చే వారం జర జల్ది రండ్రి" అన్నడు. ఇశ్రాయేలుకు ఆ మాట తోని మస్తు రంది అయింది. అయినా పోవుడు మానలే.

కాంపౌండు కాడికి పోయేతందుకు ఆయనకు ఒక హక్కుండె. ఆయన తాగి మానినోడు. ఆ చర్చి పేరు కిషన్‌బాగ్ దాంక, జల్‌పల్లి దాంక పోయిందంటే ఆయన సాక్ష్యం తోనే పోయింది. తెల్వనోళ్ళకు చెప్త వినుండ్రి. సాక్ష్యం అంటే, దేవుడు నన్ను ఎసొంటి గతిల నుంచి ఎసొంటి గతికి తెచ్చిండో నలుగుర్ల నిలవడి చెప్పుకునుడు. ఏడాదికోసారి ఫిబ్రవరిల మూడు దినాలు ఉజ్జీవ సభలు పెడుతరు, ఆఖరి దినం ఆదివారం పొద్దుగాల షామియాన కింద సాక్ష్యాలు. మొదలు రోగం నయమైనోళ్ళు చెప్తరు, తర్వాత పరీక్ష పాసైనోళ్ళు చెప్తరు, ఆఖరుకు ఇశ్రాయేలు చెప్తడు.

అసలు సంగతి శానా చిన్నది. పంతొమ్మిది వందల అరవై ఏడుల ఒక శనివారం ఆయన రెండు సీసల కల్లు ఎక్కువ తాగి, ఇల్లనుకొని పాలమ్మే రామ్‌చందర్ బర్రెల కొట్టంల పండుకున్నడు. తెల్లారి పాలు పిండేతందుకు రామ్‌చందర్ చెంబు పట్టుకొని వచ్చి, "జరుగు భాయ్, బర్రెకు కాలు పెట్ట జాగ లేదు" అన్నడు. గల్లీ అంత చూసింది. ఇశ్రాయేలు సిగ్గు తోని సచ్చిపోయిండు, ఆ దినం నుంచి ముట్టలే. గంతే కథ. అరవై ఎనిమిదిల మొదటిసారి షామియాన కింద నిలవడి గిదే చెప్పిండు. నాలుగు నిమిషాలల్ల అయిపోయింది. జనం ఇంకేమన్న ఉన్నదా అని చూసిన్రు. ఒకరిద్దరు నవ్విన్రు గూడ. అయ్యగారు, అంటే పాస్టరయ్య, తర్వాత భుజం మీద చెయ్యేసి, "మంచిగ చెప్పినవ్. మళ్ళసారి ఇంకొంచెం వివరంగ చెప్పు" అన్నడు.

ఆ వివరమే కొంప ముంచింది. మళ్ళ ఏడు రెండు సీసలు ఆరు సీసలైనయ్. డెబ్బైల కల్లు పోయి గుడుంబా వచ్చింది. డెబ్బై ఒకటిల ఆయన పెండ్లాన్ని కొట్టిండు. డెబ్బై మూడుల ఇంట్ల ఇత్తడి గిన్నెలు అమ్మిండు. డెబ్బై ఆరుల పెండ్లాం మెడల పుస్తెలు తెంపిండు. డెబ్బై తొమ్మిదిల చేతికి కత్తొచ్చింది. దేవుడు సాక్షి, ఆయన ముందుగాల ఏది అనుకొని పోలే. మైకు ముందట నిలవడంగనే జనం మొకాలు కనవడుతయ్, ఒక మాటకు ముందటి వరుసల ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటది, ఇగ నోరు దానంతట అది పోతది. చెప్పేటోనికి వినేటోడు లోకువ అంటరు గని, నన్నడుగుతే వినేటోనికి చెప్పేటోడే లోకువ. వాళ్ళు ఎంత కావాలంటే అంత పాపం ఆయన చేసిపెట్టిండు.

ఊకే అబద్ధం అని తీసేసేటట్టు గూడ లేదు. డెబ్బై ఒకటిల ఆ కొట్టిన ముచ్చట విని ఒక రిక్షా ఆయన ఏడ్సుకుంట ముందటికొచ్చి మోకాళ్ళ మీద పడ్డడు. ఆయన నిజంగనే మానిండు, ఇప్పటికి ముట్టలే. గసొంటోళ్ళు పన్నెండేండ్లల్ల అయిదుగురు. ఇశ్రాయేలు రాత్రి కండ్లు మూసుకొని ఆ అయిదుగుర్ని లెక్కవెట్టుకొని నిద్రపోతుండె.

ఆయన పెండ్లాం సక్కుబాయి తక్కువ మాట్లాడే మనిషి. ఆ డెబ్బై ఒకటి ఆదివారం షామియాన కింద ఆడోళ్ళందరు ఒక్కసారి మెడలు తిప్పి ఆమె దిక్కు చూసిన్రు. చిన్నప్పుడు ఉయ్యాల మీదికెల్లి పడితే నొసటి మీద అయిన మచ్చ ఒకటుండె ఆమెకు. అందరు ఆ మచ్చనే చూసిన్రు. ఇంటికొచ్చి అన్నం పెట్టుకుంట అడిగింది.

"నన్నెప్పుడు కొట్టినవయ్యా?"

"కొట్టలే."

"మరి?"

"ఏమో, నోట్ల నుంచి అట్ల వచ్చింది."

"సరే, తిను. చల్లగైతది" అన్నది.

ఆమెకైతే అప్పటి సంది నెమ్మది లేకుండ పోయింది. చర్చిల ఆడోళ్ళు ఆమెకు జాగ ఇచ్చి కూసోపెట్టుడు, చెయ్యి పట్టుకొని "ఎంత ఓర్సుకున్నవమ్మా" అనుడు. జల్‌పల్లిల ఆమె అన్న ఆగయ్య తాపీ పని చేస్తడు. ఎవరో చెప్తే విని, కట్టె పట్టుకొని బస్సెక్కి వచ్చిండు. సక్కుబాయి అడ్డం నిలవడి, "ఆయన నన్ను కొట్టలే అన్నా, ఎన్నడు కొట్టలే" అన్నది. ఆగయ్య కండ్లల్ల నీళ్ళు తెచ్చుకొని, "భయపడకు చెల్లె, నేనున్న, నిజం చెప్పు" అన్నడు. ఆమె ఎంత చెప్పితే ఆయనకు అంత అనుమానం. దెబ్బలు తిన్న ఆడది గట్లనే చెప్తది గద. ఆ దినం పోయినోడు మళ్ళ ఆ ఇంట్ల గిలాసెడు నీళ్ళు తాగలే. సక్కుబాయి ఒక్క దినం అలుగలే, ఒక్క మాట ఎత్తిపొడువలే. అదే ఇశ్రాయేలుకు గుండెల మీద బండ.

ఇగ రాజన్న సంగతి. రాజన్న ఆ చర్చి ఆగమ్మ కొడుకు, ఇరవై నాలుగేండ్లోడు. తండ్రి డ్యూటీల ఉండంగనే జరమొచ్చి సచ్చిపోతే ఆ నౌకరీ కొడుక్కిచ్చిన్రు. ఇశ్రాయేలు పక్కనే టైర్ల సెక్షన్‌ల హెల్పరు. చెయ్యి మంచిది, ట్యూబును నీళ్ళల్ల ముంచకముందే వేలు పెట్టి తూటు ఏడున్నదో చెప్తడు. గని తాగుడు. తండ్రి సచ్చిపోయిన నెల నుంచి షురూ అయింది, అయిదేండ్లైనా ఆగలే. మూడు మెమోలు వచ్చినయ్. ఫోర్‌మన్ ఇశ్రాయేలును పిలిచి, "మీ చర్చి పిలగాడే గద. ఫిబ్రవరి ఆఖరు సోమవారం నుంచి ఒక్క నాగా అయినా నేను కాయితం పైకి పంపుత. ఇగ నన్ననొద్దు" అన్నడు. నౌకరీ పోతే ఆ ఇంట్ల మూడు పానాలు రోడ్డు మీద పడుతయ్, ఆగమ్మ, రాజన్న పెండ్లాం సుగుణ, రాజన్న.

ఇశ్రాయేలు ఆ శనివారం పాటలు మధ్యల ఆపి కాంపౌండు లోపలికి పోయిండు. రాజన్న సీస ముందట పెట్టుకొని కూసున్నడు. ఇశ్రాయేలును చూసి మర్యాదగ లేచి నిలవడ్డడు.

"రాజన్నా, నౌకరీ పోతది రా. జర నా మాట విను."

"కూసో అన్నా. నేను నీ మాటే వింటున్న."

"వింటే గిట్లెందుకుంటవ్?"

"ప్రతి ఏడు నీ సాక్ష్యం వినుకుంటనే పెరిగిన్నన్నా నేను. నువ్వు పన్నెండేండ్లు తాగినవ్. గిన్నెలమ్మినవ్, పుస్తెలు తెంపినవ్, కత్తి పట్టినవ్. అయినా దేవుడు నీ కోసం ఆగిండు. నేను తాగవట్టి అయిదేండ్లే. ఒక్క గిన్నె అమ్మలే. నాకింకా శానా టైమున్నది. ఫికర్ చెయ్యకు, నేను గూడ మానుత. నువ్వే మానంగ నేను మానలేనా?"

ఎగతాళికి అనలే వాడు. నిమ్మళంగ, లెక్క చెప్పినట్టు చెప్పిండు. ఇశ్రాయేలు నోరు తెరిచిండు. అదంత అబద్ధం రా అని అప్పుడే చెప్పేది ఉండె. చెప్పలే. చుట్టు నలుగురు తాగేటోళ్ళున్నరు, బయట పోరగాండ్లు కంజీరలు పట్టుకొని నిలవడ్డరు, వారం దినాలల్ల సభలున్నయ్, పాంప్లెట్ల మీద "ఒకప్పటి ఘోర తాగుబోతు, సహోదరుడు ఇశ్రాయేలు గారి సాక్ష్యం" అని పెద్దగ అచ్చయింది. "దేవుడు నిన్ను చూసుకుంటడు" అని గొణిగి బయటికొచ్చిండు. థూ, ఏం మాట అది!

మూడు దినాలకు, మంగళవారం, ఇశ్రాయేలు డ్యూటీ దిగి వచ్చి మొకం కడుక్కుంటుంటే ఆగమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలే. గడప కాడనే నిలవడ్డది.

"నా కోడలి చెయ్యి ఇరగ్గొట్టిండు కొడుకా."

సక్కుబాయి పొయ్యి కాడికెల్లి లేచి వచ్చింది. ఆగమ్మ ఏడుస్తలే. ఏడ్సుడు దవాఖానల అయిపోయింది.

"పొద్దుగాల డ్యూటీకి పో అన్నది, గంతే అన్నది. మణికట్టు కాడ ఇరిగింది. పట్టీ వేసిన్రు. గడప తట్టుకొని పడ్డ అని చెప్పింది డాక్టరుకు. బస్తీల గూడ గదే చెప్పుకుంటున్నం. ఇంటికొచ్చి వాన్ని అడిగిన. ఎందుకురా, మీ నాయన నా మీద ఎన్నడన్న చెయ్యెత్తిండా అని. ఏమన్నడో ఎరికేనా? ఇశ్రాయేలన్న గూడ కొట్టిండు గద అమ్మా, ఆయన్ను దేవుడు ఇడిసిపెట్టిండా అన్నడు. గా మాట చెప్పిపోదామనొచ్చిన. నిన్ననేతందుకు రాలే బిడ్డా. జర వానికి మళ్ళ నచ్చచెప్పు."

ఆమె పోయింది. ఇశ్రాయేలు సబ్బు చేతులతోనే అట్ల నిలవడ్డడు. సక్కుబాయి చెంబు తోని ఆయన చేతుల మీద నీళ్ళు పోసింది.

"పదేండ్ల సంది నన్ను నోటితోనే కొడుతున్నవ్, నాకేం కాలే. ఓర్సుకున్న, మంచికే గద అనుకున్న. ఇయ్యాల ఆ దెబ్బ పోయి ఆ పోరి మీద పడ్డది" అన్నది. ఇన్నేండ్లల్ల ఆమె అన్న మాట గదొక్కటే. ఆయన కిందనే కూలవడి చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు.

తెల్లారి డ్యూటీ దిగంగనే అయ్యగారి ఇంటికి పోయి ఉన్నదంత చెప్పిండు. అయ్యగారు చాయ తాగుకుంట నిమ్మళంగ విన్నడు. పెద్దగ ఆశ్చర్యపోలే, అది ఇశ్రాయేలుకు ఇంకింత బాధ అయింది. ఆఖరుకు కప్పు కింద పెట్టి, "రెండు వేల పాంప్లెట్లు పంచినం ఇశ్రాయేలూ. సభలు కానియ్యి. నిజం అయితే ఏడికి పోతది, తర్వాత నిమ్మళంగ ఒప్పుకుందువు గని" అన్నడు. నిజం ఏడికి పోదు గని, రాజన్న నౌకరీ సోమవారం పోతది. ఇశ్రాయేలు దండం పెట్టి లేచిండు.

ఆదివారం షామియాన నిండింది. జల్‌పల్లి నుంచి ఒక లారీల వచ్చిన్రు. రోగం నయమైనోళ్ళు చెప్పిన్రు, పరీక్ష పాసైన పిల్ల చెప్పింది. ఆగమ్మ కొడుకును రెక్క పట్టుకొని తెచ్చి ఆఖరి గుంజ కాడ కూసోపెట్టింది. సుగుణ రాలే. ఇశ్రాయేలు మైకు ముందటికి పోయిండు. ముందటి వరుసల ఆడోళ్ళు అప్పుడే కొంగులు సదురుకుంటున్నరు.

"నేను నా భార్యను ఎన్నడు కొట్టలే" అన్నడు.

జనం స్తోత్రం అన్నరు. అలవాటు తోని అన్నరు. ఆయన ఆగి మళ్ళ చెప్పిండు.

"స్తోత్రం కాదు, వినుండ్రి. కొట్టలే. గిన్నెలమ్మలే. పుస్తెలు తెంపలే. నా ఇంట్ల కూరగాయల కత్తి తప్ప ఇంకో కత్తి లేదు. గుడుంబా రుచి ఎట్లుంటదో నాకు తెల్వది. శనివారం శనివారం కల్లు తాగేటోన్ని, ఒకసారి రెండు సీసలు ఎక్కువై బర్రెల కొట్టంల పండుకున్న. సిగ్గైంది, మానిన. మానుడు గూడ అంత సులువుగ కాలే. ఆర్నెల్లు కాంపౌండు గల్లీ నుంచి నడిసేతందుకు భయమై చుట్టు తిరిగి డ్యూటీకి పోయిన. మిగిలిందంత నేను ఏడాదికింత కలిపి చెప్పింది. అబద్ధం. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

లారీల వచ్చినోళ్ళల్ల ఒక ముసలాయన పక్కోన్ని, "గింతకేనా ఇంత దూరం వచ్చింది?" అని అడిగిండు. పిలగాండ్లు నవ్విన్రు. బోనాల నీళ్ళ మీద లేచే పెద్దాయన లేచి, "అయితే నీకు పాపమే లేకపాయె, దేవుడు నిన్ను దేన్నుంచి రక్షించినట్టు?" అని గట్టిగ అడిగిండు. మంచి సవాలే. ఇశ్రాయేలు జవాబు చెప్పేలోపల అయ్యగారు కండ్ల తోని సైగ చేసిండు, డోలక్ మొదలైంది, అందరు లేచి నిలవడి పాట ఎత్తుకున్నరు. ఆ పాటల ఇశ్రాయేలు మైకు ఇడిసి వచ్చిండు. యూత్ లీడరు పని ఆయనకు ఆ దినమే పోయింది, కమిటీ కూసునేదాంక గూడ ఆగలే. పదమూడేండ్లు ఎవ్వరికి వద్దన్న పనికి అప్పటికప్పుడు ముగ్గురు చేతులెత్తిన్రు.

ఆయన ఆఖరి గుంజ దిక్కు చూసిండు. రాజన్న లేడు. ఆగమ్మ ఒక్కతే కూసోనున్నది. "సగంల లేచి పోయిండు బిడ్డా" అన్నది. నిజం చెప్పితే వాడు తాగుడు ఆపుతడనుకున్నడు ఇశ్రాయేలు. వాడు నిజం విని కాంపౌండుకు పోయినట్టున్నడు. ఇజ్జత్ పోయె, పిలగాడు పోయె, రెండు దిక్కుల చెడ్డ బతుకాయె అనుకున్నడు.

అన్నం తినకనే రాజన్న ఇంటికి పోయిండు. ఎంట సక్కుబాయి వచ్చింది, రావొద్దన్నా వచ్చింది. ఒక్క అర్ర ఇల్లు. సుగుణ గోడకు ఆనుకొని కూసోని ఎడమ చేత్తోని బియ్యంల రాళ్ళేరుతుంది. కుడి చేతికి మోచెయ్యి దాంక తెల్ల పట్టీ. రాజన్న నులక మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

"తాగిండా?" అని ఇశ్రాయేలు మెల్లగ అడిగిండు.

"లేదు. కాంపౌండు దాంక పోయి మళ్ళొచ్చిండట. ఎందుకొచ్చిండో చెప్తలేడు" అన్నది సుగుణ.

ఇశ్రాయేలు ఆమె ముందట కింద కూసున్నడు. పెద్దమనిషి కింద కూసుంటే ఆమె గాబర పడ్డది. "బిడ్డా, నేను చెయ్యని పని చేసిన్నని చెప్పుకుంట తిరిగిన. అది విని నీ మొగడు చేసిండు. నన్ను మాఫ్ చెయ్యి" అన్నడు. వేల మంది ముందట మాటలు జారే నోరు, ఆ మూడు మాటలకు ముప్పు తిప్పలు పడ్డది.

సుగుణ చాట పక్కకు పెట్టింది. "మీరెందుకు అడుగుతరన్నా? మీరు కొట్టిన్రా నన్ను? మీ చేతులు ఏడున్నయ్ ఆ పొద్దు? డిపోల టైర్ల మీద ఉన్నయ్. కొట్టినోడు ఆడ పండుకున్నడు. ఆయన మంచి నిద్రల ఉన్నడు పాపం, లేపకుండ్రి" అన్నది. ఆమె గొంతుల కోపం ఉన్నది. ఉండద్దా మరి?

మంచం కిర్రుమన్నది. రాజన్న లేచి కూసున్నడు. కండ్లు ఎర్రగున్నయ్ గని తాగిన ఎరుపు కాదు. సుగుణ దిక్కు చూడలే, సక్కుబాయి దిక్కు చూసిండు. ఆమె నొసటి మచ్చను చూసిండు.

"వదినా, నిజంగ కొట్టలేనా?"

"కొట్టలే రా. ఇది ఉయ్యాల దెబ్బ. చిన్నప్పటిది."

"ఒక్కసారి గూడ?"

"ఒక్కసారి గూడ లేదు."

రాజన్న ఇశ్రాయేలును అడిగిండు, కోర్టుల అడిగినట్టు గాదు, తొవ్వ తప్పినోడు అడిగినట్టు అడిగిండు. "అయితే అన్నా, మనిద్దర్ల నేనొక్కన్నే కొట్టిన్నా?"

ఇశ్రాయేలుకు ఏదన్న మెత్తగ చెప్పబుద్ధైంది. నాలుక దాంక వచ్చింది గూడ. పన్నెండేండ్లు వినేటోళ్ళకు ఏది కావాల్నో అది చెప్పినోడు గద. మింగేసిండు.

"ఔ రా. నువ్వొక్కనివే."

రాజన్న రెండు చేతులతోని మొకం కప్పుకున్నడు. ఎవ్వరు వాన్ని ఓదార్చలే. బయట నల్లా వచ్చిందని పిలగాండ్లు ఒర్రుకుంట ఉరికిన్రు. సుగుణ గోడ పట్టుకొని లేవబోయింది, ఎడమ చేత్తోని బిందె అందుకునేతందుకు వంగింది. రాజన్న మంచం దిగి ఆమె చేతుల నుంచి బిందె తీసుకున్నడు. ఆమె మొదలు ఇడువలే, తర్వాత ఇడిసింది. ఇంకో బిందె ఇశ్రాయేలు పట్టుకున్నడు. ఇద్దరు బయటికొచ్చిన్రు.

ఆ బస్తీల నల్లా కాడికి మొగోళ్ళు రారు. లైన్ల ఇరవై మంది ఆడోళ్ళు, ఇరవై బిందెలు, నోర్లు నలభై. రాజన్న బిందె తోని రావుడు చూడంగనే అన్ని ఆగినయ్. నల్లా కింద బిందె పెట్టిన నాగమణమ్మ పలుకరించింది. ఆమె నోటికి బస్తీ అంత దడుసుకుంటది.

"ఏంది రాజన్నా, నువ్వొచ్చినవ్? సుగుణ ఎట్లున్నది? గడప తట్టుకొని పడ్డదట గద పాపం."

రాజన్న బిందె కింద పెట్టిండు. మైకు లేదు, డోలక్ లేదు. వాని గొంతు సగం నల్లా సప్పుడులనే పోయింది, అయినా అందరికి వినొచ్చింది.

"పడలే అత్తా. నేనే ఇరగ్గొట్టిన."

నాగమణమ్మ వాన్ని కింది నుంచి మీది దాంక చూసింది. బిందె నిండి పొర్లుతుంటే గూడ చూసింది. స్తోత్రమని ఎవ్వరు అనలే. పాపం అని ఎవ్వరు అనలే. "ఎనకకు పోయి నిలవడు" అన్నది.

రాజన్న బిందె తీసుకొని లైన్ల ఆఖరుకు పోయి నిలవడ్డడు. ఇశ్రాయేలు రెండో బిందె పట్టుకొని వాని ఎనక నిలవడ్డడు.